ఊరి పక్క పాత మిలిటరీ స్థలంలో కంప తగలబెట్టవచ్చా?

ప్రశ్న వేసినవారు రాసింది క్లుప్తంగా ఇదీ. ప్రకాశం జిల్లాలో వాళ్ళ ఊరిని ఆనుకుని యుద్ధకాలం నాటి విమానాల మైదానం ఒకటి పాడుబడి ఉంది. అంతా చిల్లచెట్లు (సర్కారు తుమ్మ), మధ్యమధ్య నడుమెత్తు బోదగడ్డి. పిల్లలు బడికి వెళ్ళే బాట దాని అంచునే పోతుంది. ఈ ఏడు రెండు మూడు ఇళ్ళలోకి పాములు వచ్చాయి. మార్చిలో ఒక రోజు చూసుకుని అందరం కలిసి నిప్పు పెట్టేస్తే పీడ విరగడవుతుందని కుర్రాళ్ళు అంటున్నారు. "అందులో తెల్లదొరల కాలం నాటి మందుగుండు ఉంది, జోలికి పోవద్దు" అని పెద్దవాళ్ళు అంటున్నారు. అమెరికాలో సైన్యమే తన పాత స్థలాల్లో పద్ధతి ప్రకారం మంట పెడుతుందని విన్నాను, మనం ఎందుకు పెట్టకూడదు అని ఆయన అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఊరివాళ్ళు సొంతంగా నిప్పు పెట్టవద్దు. మార్చిలో అయితే అసలే వద్దు. ఊరికీ మైదానానికీ మధ్య ఒక పట్టీ మేర గడ్డిని మాత్రం కాల్చుకోవచ్చు. అదీ భూమి ఎవరిదో తేలాక, ఆ పట్టీలో ప్రమాదకరమైనవి లేవని చూడవలసినవాళ్ళు చూసి చెప్పాక, ఫైరింజన్‌ను దగ్గర పెట్టుకుని, జనవరిలో, పొద్దున్నే. ఇక చిల్లచెట్లంటారా, వాటిని ఎప్పుడు కాల్చినా ప్రయోజనం లేదు.

నేను అటవీ శాఖలో ముప్ఫై ఏళ్ళకు పైగా చేసి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. మార్కాపురం వైపు నల్లమలలో కొన్నాళ్ళు, తర్వాత ఉదయగిరి వైపు వెలిగొండల కింద కొన్నాళ్ళు పనిచేశాను. ఏటా ఫైర్ లైన్లు కాల్చడం మా పనుల్లో ఒకటి. ఎండలు ముదరకముందే అడవిలో వెడల్పాటి పట్టీలుగా గడ్డి కోసి, ఆ పట్టీని మేమే కాల్చేస్తాం. తర్వాత ఎక్కడైనా కార్చిచ్చు లేస్తే ఆ పట్టీ దాకా వచ్చి, మేత దొరకక ఆగిపోతుంది. కాబట్టి నిప్పంటే నాకు విరోధం లేదు. అదను చూసి వాడితే అది ఊరిని కాపాడుతుంది. అదను తప్పితే ఏం చేస్తుందో కూడా చూశాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అది ఏ రకం మిలిటరీ భూమి?

మన వైపు ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సైన్యంలో చేరినవాళ్ళు చాలామంది. మాజీ సైనికులకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన భూమిని కూడా ఊళ్ళల్లో "మిలిటరీ భూమి" అనే పిలుస్తారు. అది మామూలు చేనే. నేలలో భయపడవలసింది ఏమీ ఉండదు, కాకపోతే పట్టాదారు అనుమతి లేకుండా అందులో చెయ్యి పెట్టకూడదు.

రెండో రకం, నిజంగానే సైన్యం వాడి వదిలేసిన చోటు. దొనకొండలో బ్రిటిష్ కాలం నాటి ఏరోడ్రోమ్ ఉంది కదా, అలాంటివి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీరం పొడుగునా జనం ఊళ్ళు వదిలి లోపలికి పోయిన రోజులవి. విమానాలు దిగడానికి, ఇంధనం నింపుకోవడానికి మైదానాలు కావలసివచ్చిన కాలం.

ఇందులో మళ్ళీ తేడా ఉంది. విమానాలు దిగిన మైదానం వేరు, తుపాకులూ ఫిరంగులూ ప్రాక్టీసు చేసిన ఫైరింగ్ మైదానం వేరు. దిగే మైదానంలో ప్రమాదం సాధారణంగా కొన్ని మూలలకే ఉంటుంది. పాతిన ఇంధనం ట్యాంకులు, తుప్పు పట్టిన డ్రమ్ములు, కూలిన షెడ్ల సిమెంటు రేకులు, సామాను పూడ్చిన గుంతలు, చెత్త వేసి వదిలేసిన పాత బావులు. యుద్ధం అయ్యాక మిగిలిన సామానును మోసుకుపోలేక అక్కడే గుంత తీసి పూడ్చేయడం చాలా దేశాల్లో జరిగింది. ఫైరింగ్ మైదానంలో అలా మూలలంటూ ఉండవు. పేలకుండా నేలలో దిగిపోయిన గుండు ఎక్కడైనా ఉండవచ్చు.

మీ పెద్దవాళ్ళ మాటను నేను రుజువు అనను, పుకారు అని కూడా కొట్టిపారేయను. ఒకసారి నెల్లూరు జిల్లాలో మొక్కలు నాటడానికి గుంతలు తీయిస్తున్నాం. మాతో ఉన్న ముసలి వాచర్ ఒక దిబ్బ దగ్గర ఆగి, "సార్, ఇక్కడ గడ్డపార వెయ్యొద్దు. ఇక్కడ సోల్జర్లు ఉండేవాళ్ళని మా నాయన చెప్పేవాడు" అన్నాడు. పని తొందరలో ఉన్నవాళ్ళకు ఆ మాట చిరాకే. అయినా ఆపాం. దిబ్బ అంచున వానకు కోసుకుపోయిన చోట ఇనుప మొన ఒకటి బయటికి కనబడుతోంది, కూజా మూతి అంత. పోలీసులకు చెప్పాం. బాంబ్ స్క్వాడ్ వచ్చింది. ఇసుక బస్తాలు పెట్టి, మమ్మల్నందరినీ దూరం పంపి, జాగ్రత్తగా తీసుకుపోయారు. అందులో మందు మిగిలి ఉందో లేదో మాకు చెప్పలేదు. మాకు తెలియనవసరమూ లేదు. ఆ రోజు గడ్డపార పడలేదు, అది చాలు.

కాబట్టి మొదటి పని కాగితాల పని. తహసీల్దార్ ఆఫీసులో ఆ సర్వే నంబర్లకు ఆర్‌ఎస్‌ఆర్ (పాత భూముల రిజిస్టరు), అడంగల్, ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) చూడండి. భూమి రక్షణ శాఖ పేరున ఉందా, విమానాశ్రయాల సంస్థ పేరున ఉందా, రెవెన్యూకు తిరిగి వచ్చిందా అన్నది అక్కడ తెలుస్తుంది. ఎవరి పేరున ఉంటే వాళ్ళకు పంచాయతీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయండి. "ఇందులో మందుగుండు గానీ ఇంధనం గానీ నిల్వ ఉంచిన చోట్లు ఏవి, తర్వాత తనిఖీ జరిగిందా" అని సూటిగా అడగండి. జవాబు కాగితం మీద రావాలి. నోటిమాటతో ఎవరైనా "ఏం లేదులే, కాల్చుకోండి" అంటే దాన్ని నమ్మి నిప్పు పెట్టవద్దు.

అమెరికాలో ఎందుకు కాలుస్తారు?

మీరు విన్నది నిజమే. కాలిఫోర్నియాలో మాంటెరీ దగ్గర ఫోర్ట్ ఓర్డ్ అనే సైనిక స్థావరం 1917లో మొదలై 1994లో మూతపడింది. అక్కడి ఫైరింగ్ మైదానాల్లో పేలని మందుగుండు మిగిలిపోయింది. పైన చాపరాల్ అనే దట్టమైన పొద. మనిషి అందులో దూరి నరుక్కుంటూ పోతే కాలి కింద ఏముందో కనబడదు. అందుకని ముందు పొదను కాల్చి, నేల బయటపడ్డాక, శిక్షణ ఉన్నవాళ్ళు పరికరాలతో అడుగడుగూ వెతికి లోపలున్నవి తీస్తారు. గమనించండి, అక్కడ మంట పెట్టేది నేల కనబడడానికి. శుభ్రం చేసే అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. పైగా ఆ పొదల్లో కొన్ని జాతులకు మంట తగిలితేనే విత్తనాలు బాగా మొలుస్తాయి. మంట అక్కడి నేలకు కొత్త కాదు.

అంత సరంజామా ఉన్నా 2003 అక్టోబరులో అక్కడ మంట గీత దాటింది. ఐదు వందల ఎకరాల లోపు కాల్చాలనుకుంటే దాదాపు పదిహేను వందల ఎకరాలు కాలిపోయాయి. పొగ చుట్టుపక్కల ఊళ్ళను కమ్మింది. వాళ్ళ దగ్గర వాతావరణ నిపుణులున్నారు, హెలికాప్టర్లున్నాయి, ముందుగా చెప్పి కాసేపు వేరే చోటికి వెళ్ళదలచినవాళ్ళకు ఏర్పాటు కూడా చేశారు. మన దగ్గర మంటను కొట్టి ఆర్పే పచ్చి కొమ్మల మండలు, నాలుగు బిందెలు, ఒక ట్రాక్టర్ ట్యాంకరు. వాళ్ళు చేశారు కదా అని మనం చేయడానికి ఇదే అడ్డం.

మంట కింద నేలలో ఏం జరుగుతుంది?

ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గడ్డి మంట చూడడానికి ఎత్తుగా, భయంకరంగా ఉంటుంది గానీ ఒక్క చోట నిలిచేది కొద్దిసేపే. ఆ వేడి నేలలోకి రెండు మూడు అంగుళాలు దాటి పెద్దగా దిగదు. కాల్చిన గంటకు మట్టిని గోకి చూస్తే కింద చల్లగానే ఉంటుంది. మొద్దు సంగతి అలా కాదు. ఎండిన చిల్లమొద్దు, నరికి కుప్పేసిన కంప ఒకసారి అంటుకుంటే రాత్రంతా కణకణలాడుతూనే ఉంటాయి. ఆ కుప్ప కింద నేల గంటల తరబడి కాగి, వేడి లోతుకు దిగుతుంది. గుండ్లలో నింపే టీఎన్‌టీ 80 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. దానికి తోడు పేలుడును మొదలుపెట్టే ఫ్యూజు భాగం వేడికి ఇంకా తొందరగా స్పందిస్తుంది.

"ఎనభై ఏళ్ళయింది, తుప్పు పట్టింది, ఇంకేం పేలుతుంది" అని కుర్రాళ్ళు అంటారు. తుప్పు పట్టేది పైన ఇనుముకే. లోపలి మందు ఏళ్ళు గడిచినంత మాత్రాన చావదు. కొన్నింట్లో పాతబడేకొద్దీ ఇంకా సున్నితంగా తయారవుతుంది, కదిపితే చాలు. పేలితే ముక్కలు వందల మీటర్లు ఎగురుతాయి. మండలు పట్టుకుని మంట అంచున నిలబడే కుర్రాడు ఎంత దూరంలో ఉంటాడో మీరే ఆలోచించండి.

నాకు ఇంతకంటే భయం వేసేది మంట ఆరిన మర్నాడు. నల్లటి నేల మీద ఇనుము ఎర్రగా, ఇత్తడి పచ్చగా దూరం నుంచే కనబడుతుంది. ఇన్నాళ్ళూ ముళ్ళకంప ఆ స్థలానికి కంచెలా ఉంది, పిల్లలను లోపలికి రానివ్వలేదు. కాల్చగానే కంచె పోయింది, పైగా లోపలున్నవి కంటికి ఎదురుగా పెట్టినట్టయింది. పాత ఇనుముకు కిలో ఎంత ఇస్తారో మన ఊళ్ళల్లో పదేళ్ళ పిల్లవాడికి తెలుసు. దేశంలో ఫైరింగ్ మైదానాల పక్క ఊళ్ళల్లో ప్రాణాలు పోయిన వార్తలు చూడండి. గుండును తుక్కు ఇనుముగా అమ్ముకుందామని విప్పబోయో, కొట్టబోయో పోయినవాళ్ళు ఎందరో. కాబట్టి కాల్చే ఆలోచన చేసేవాళ్ళు "ఆ తర్వాత నెలరోజులు ఆ స్థలానికి కాపలా ఎవరు?" అన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి.

ఇదే కారణంతో జేసీబీ కూడా వద్దు. నిప్పు వద్దంటున్నారు కాబట్టి యంత్రం పెట్టి దున్నేస్తాం అనుకుంటారేమో. అనుమానం ఉన్న నేలలో జేసీబీ పన్ను దిగడం మంట కంటే ప్రమాదం. తనిఖీ అయ్యేదాకా నేల పైన కోయడమే, నేలలోకి దేన్నీ దించకూడదు.

చిల్లచెట్టు మంటకు చావదు

ఇదొక్కటి అర్థమైతే సగం ఊళ్ళు నిప్పు పెట్టడం మానేస్తాయి. చిల్లచెట్టుకు ప్రాణం కొమ్మల్లో ఉండదు, నేల మట్టానికి కిందుగా వేరు మొదట్లో ఉంటుంది. పైన కాలిస్తే ఒక్క కాండం ఉన్న చెట్టు కాస్తా పది పిలకలతో లేస్తుంది. కనిగిరి వైపు ఒక ఊళ్ళో చెరువు లోపలి చిల్లకంపను వదిలించుకోవాలని కాల్చారు. పచ్చిచెట్టు సరిగా అంటుకోదు, దాని కింద గడ్డీ పెద్దగా ఉండదు. అందుకని పాత టైర్లు వేసి, డీజిల్ పోసి కాల్చారు. రెండు రోజులు నల్లటి పొగ. ఆ ఏడు తొలకరికి మొదళ్ళన్నీ చిగిర్చాయి. రెండు వర్షాకాలాలు గడిచేసరికి మనిషి దూరలేనంత గుబురు. ముందు కనీసం మేకలు తిరిగేవి, తర్వాత అవీ దూరలేకపోయాయి.

దానికి మందు ఒక్కటే: మొదలు కొట్టి, తనిఖీ అయిన నేల అయితే అడుగు లోతున వేరుమొదటితో సహా పెకలించడం. కాయలు రాలే కాలంలో పశువులను అందులో మేపకపోవడం కూడా ముఖ్యం. గొడ్లు, మేకలు తిన్న గింజ పేడలో పడి ఇంకా బాగా మొలుస్తుంది. పైగా ఆ కట్టెకు డబ్బు వస్తుంది. బొగ్గు బట్టీలవాళ్ళు కొంటారు, పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు కావాలి. భూమి హక్కుదారు అనుమతితో వేలం పెట్టి చెట్లను నేలకు పైన మాత్రమే కొట్టించుకుంటే ఊరి ఖజానాకు నాలుగు రూపాయలు మిగులుతాయి. తగలబెడితే ఆ డబ్బు పొగ అయిపోతుంది.

పాముల సంగతి

పాములు వస్తున్నాయనే కదా మీ తొందరంతా. నిప్పు పెడితే అవి చస్తాయనుకుంటున్నారు. చావవు. నేల కంపించగానే, పొగ తగలగానే చాలావరకు బొరియల్లోకి దిగిపోతాయి, తక్కినవి మంట లేని వైపు పరుగెడతాయి. మంట లేని వైపంటే మీ ఇళ్ళే. ఫైర్ లైన్ కాల్చిన సాయంత్రాల్లో మా వాచర్ల గుడిసెల్లోకి కట్లపాములు వచ్చేవి. మంచాల మీద దోమతెర మెత్త కిందికి దోపుకుని పడుకునేవాళ్ళం. చచ్చేవి ఏవంటే పరుగెత్తలేనివి. నక్షత్ర తాబేళ్ళు, కంజు పిట్టల గుడ్లు, కుందేలు పిల్లలు. కాలిన గడ్డిలో బోర్లాపడిన తాబేటి చిప్పను ఒకసారి చూస్తే మళ్ళీ అగ్గిపెట్టె తీయబుద్ధి కాదు.

పాములు రాకుండా ఉండాలంటే ఇళ్ళ వెనక ముప్ఫై నలభై అడుగులు గడ్డి పొట్టిగా కోసి ఉంచండి. కట్టెల మోపులు గోడకు ఆనించవద్దు. ఎలుకలు చేరే ధాన్యపు గాదెల కింద శుభ్రంగా పెట్టండి. బడి బాటకు రెండు పక్కలా పది అడుగులు కోయండి. రాత్రి టార్చి లేకుండా తిరగవద్దు. ఇవన్నీ మైదానంలోకి పోకుండా, మన హద్దులో ఉన్నంత మేర రేపటి నుంచే చేయవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మార్చి ఎందుకు వద్దు, జనవరి ఎందుకు

మన జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలే ముఖ్యం. ఆ వానలకు గడ్డి లేస్తుంది. సంక్రాంతి నాటికి పైన ఎండి, మొదట్లో ఇంకా పచ్చి ఉంటుంది. రాత్రి మంచు పడుతుంది. ఆ గడ్డి మెల్లగా కాలుతుంది, ఆర్పితే ఆరుతుంది. ఫిబ్రవరి దాటితే మొదలు దాకా ఎండిపోతుంది. మార్చిలో పెట్టిన మంట వెంట మనిషి పరుగెత్తలేడు. దానికి తోడు కుప్పనూర్పిళ్ళయి చొప్పవాములు వేసి ఉంటాయి, పొగాకు బ్యారన్లు నడుస్తుంటాయి, జామాయిల్ తోటల్లో ఎండాకు రాలి ఉంటుంది. జామాయిల్ ఆకులో నూనె ఉంటుంది కాబట్టి దానికి అంటుకుంటే నిప్పురవ్వలు ఎక్కడెక్కడికో పోతాయి.

గాలి గురించి నేను నేర్చుకున్నది ఒక పెద్దాయన చొప్పవామి ఖరీదుతో. సర్వీసులో చేరిన కొత్త. వెలిగొండ అంచున ఒక లైను కాల్చాలి. ఏడింటికి మొదలుపెట్టాల్సింది, నీళ్ళ ట్రాక్టరు రాక పదకొండయింది. వచ్చినవాళ్ళను వెనక్కి పంపడం ఎందుకని నేనే కానిద్దామన్నాను. రెండింటి దాకా అంతా సవ్యంగానే ఉంది. తర్వాత గాలి తిరిగింది. అంతవరకు మా గీత వైపుకు వంగి మెల్లగా వస్తున్న మంట ఒక్కసారి లేచి అవతలికి దూకింది. పావుగంటలో అడవి దాటి చేలోకి దిగింది. పెద్దాయన వామి మా కళ్ళముందే భగ్గున లేచింది. ఏడాది మేత. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, ఎద్దులను విప్పుకుని దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. మేమందరం చందాలు వేసుకుని చొప్ప కొనిచ్చాం గానీ ఆ మనిషి నిలబడిన తీరు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. ఆ రోజు నుంచి పదింటికల్లా మంట ఆరిపోవాలి, ఆలస్యమైతే ఆ రోజు పని లేదు అన్నది నా నియమం. పనివాళ్ళ కూలి పోయినా సరే.

తీరానికి దగ్గరైతే మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచి ఉదయం వీచిన గాలికి ఎదురు తిరుగుతుంది. మీలాగా లోపలి ఊళ్ళల్లో ఎండ ముదిరాక సుడిగాలులు లేస్తాయి, మంట మీదుగా సుడి పోయిందంటే కాలుతున్న ఆకులను ఎత్తుకుపోయి ఎక్కడో పడేస్తుంది. రెండూ ఎండ ఎక్కాకే వచ్చే చిక్కులు.

పొగ

మంటకు గీత గీయవచ్చు, పొగకు గీయలేం. ఊళ్ళో ఉబ్బసం ఉన్నవాళ్ళు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, బాలింతలు, నెలల పిల్లలు ఏ ఇళ్ళల్లో ఉన్నారో మీ ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమెను కూర్చోబెట్టుకుని పేర్లు రాసుకోండి. ఆ రోజు వాళ్ళను గాలికి ఎదురు వైపు ఉన్న బంధువుల ఇంటికి పంపాలి. పొగ రోడ్డు మీదికి పోతే బండ్లకు దారి కనబడదు. రోడ్డుకు రెండు వైపులా మనిషి ఎర్రగుడ్డతో నిలబడాలి. 11 కేవీ లైను కింద కాల్చవలసివస్తే లైన్‌మన్‌కు చెప్పి కరెంటు తీయించాలి, దట్టమైన పొగలోనూ మంటలోనూ కరెంటు తీగ నుంచి మెరుపులా దూకగలదు. పాత సిమెంటు రేకులు, టైర్లు, ప్లాస్టిక్ ఉన్న చోట నిప్పు ముట్టించనే కూడదు. చెత్త బహిరంగంగా కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించింది.

సరిగ్గా కాల్చిన ఒక పట్టీ

ఒక బడి వెనక అచ్చం మీలాంటి గడ్డిబీడు ఉండేది, మిలిటరీది కాదు, రెవెన్యూ బంజరు. హెడ్మాస్టరు అడిగితే చేశాం. సంక్రాంతి సెలవుల్లో పెట్టుకున్నాం, పిల్లలు ఉండరని. వారం ముందు దండోరా వేయించాం. ముందురోజు ఇద్దరం మొత్తం నడిచి చూశాం. గడ్డి కప్పేసిన, గట్టు లేని నేలబావి ఒకటి దొరికింది. చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టాం. పొగలో పరుగెత్తేవాడికి అలాంటి బావి మంట కంటే ప్రమాదం. మన జిల్లాల్లో పాడుబడిన బావులకు లెక్కలేదు, మీ మైదానంలోనూ ఉండే ఉంటాయి.

కాల్చబోయే పట్టీకి రెండు వైపులా ఆరు మీటర్ల చొప్పున గడ్డి నేలమట్టానికి కోసి, కోసిన గడ్డిని ఈడ్చేసి, మట్టి కనబడేలా చేశాం. ఆరున్నరకు గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి చూశాం. గాలి ఎటు పోతోందో ఆ చివర ముట్టించాం, అంటే మంట గాలికి ఎదురు నడవాలి. అలా నడిచే మంట మోకాలెత్తు మించదు, నత్తలా పోతుంది. గాలి వాటున ముట్టిస్తే అదే గడ్డి మనిషెత్తు లేచి ఉరుకుతుంది. ప్రతి ఇరవై అడుగులకూ మండతో ఒక మనిషి, అందరికీ నూలు బట్టలు, కాళ్ళకు బూట్లు. ఫైరింజన్ బడి ముందు నిలబడి ఉంది. ఎనిమిదిన్నరకు అయిపోయింది. సాయంత్రం దాకా ఇద్దరు పొగలేస్తున్న ఎండు పేడను, మొద్దులను వెతికి నీళ్ళు పోస్తూనే ఉన్నారు. మర్నాడు పొద్దున మళ్ళీ ఒకసారి చెయ్యి పెట్టి చూశాం. ఆ ఎండాకాలం బీడు నిజంగానే ఎవరి బీడీ వల్లో అంటుకుంది, బడి దాకా రాలేదు.

మీ దగ్గర ఆ పట్టీకి అదనంగా కావలసింది మొదట్లో చెప్పిన తనిఖీ. అది లేకుండా పైవన్నీ ఎంత చక్కగా చేసినా చాలదు. తనిఖీకి ఎవరూ రాకపోతే కాల్చే ఆలోచన మానుకుని, ఊరి వైపు, మన హద్దులోనే, ఆరేడు మీటర్లు కొడవలితో కోసి పెట్టుకోండి. మైదానంలో మంట వచ్చినా ఊళ్ళోకి రాకుండా ఉండడానికి అది చాలావరకు సరిపోతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. నిర్లక్ష్యంగా నిప్పు పెట్టి ఎవరి ప్రాణానికైనా అపాయం తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు. ప్రభుత్వ భూమి, పక్కన రిజర్వు ఫారెస్టు ఉంటే ఆ కేసులు వేరు. "ఎవరు పెట్టారో ఎవరికి తెలుస్తుంది" అనుకోవద్దు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహాలతో మంటలను గుర్తించి కింది సిబ్బందికి ఫోన్లకు సమాచారం పంపుతుంది. కేసుల కంటే నాకు బాధ ఏమిటంటే, ఇలాంటి వాటిలో ఇరుక్కునేది సలహా ఇచ్చిన పెద్దలు కాదు, అగ్గిపుల్ల గీసిన ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఉద్యోగానికి పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతాడు.

ఇప్పుడు ఏం చేయాలంటే, ఈ వారంలో ఊళ్ళో డెబ్బై దాటినవాళ్ళను ఒక్కొక్కరినీ విడివిడిగా అడగండి. ఎక్కడ షెడ్లుండేవి, ఎక్కడ కాపలా ఉండేది, ఏ వైపు వాళ్ళ నాన్నలను పోనిచ్చేవాళ్ళు కాదు. అందరూ ఒకే మూల చూపిస్తే ఆ మూలను కాగితం మీద గుర్తు పెట్టుకోండి. లోపలికి మాత్రం వెళ్ళకండి. బడిలో పిల్లలకు టీచరు చేత చెప్పించండి: తుప్పు పట్టిన గుండ్రటి ఇనుము, రెక్కలున్న గొట్టం, ఇత్తడి డొల్ల ఏది కనబడినా ముట్టవద్దు, రాయి విసరవద్దు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి, దూరం వచ్చాక పెద్దవాళ్ళకు చెప్పాలి. పెద్దవాళ్ళు 112కు ఫోన్ చేయాలి. పాత ఇనుము కొనే వ్యాపారికి కూడా ఈ మాట చెప్పండి. ఆయన కొననంటే పిల్లలు తేరు.

ఆ పటం, పంచాయతీ తీర్మానం, సర్వే నంబర్లు పట్టుకుని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అర్జీలో "కంప తొలగించండి" అని మాత్రమే రాస్తే అది పంచాయతీకే తిరిగి వస్తుంది. "పాత సైనిక స్థలం, మందుగుండు అనుమానం, పక్కనే బడి బాట, పోలీసు బాంబ్ స్క్వాడ్ తనిఖీ కావాలి" అని రాయండి, నకలు ఫైర్ స్టేషన్‌కు ఇవ్వండి. రసీదు నంబరు జాగ్రత్త.

ఊరు మైదానానికి ఏ దిక్కున ఉంది, వాములూ బ్యారన్లూ ఎటు ఉన్నాయి, దగ్గరి ఫైర్ స్టేషన్ నుంచి బండి రావడానికి ఎంతసేపు పడుతుంది, ఈ మూడూ ఇక్కడే కింద రాయండి. కోత పట్టీ ఎక్కడి నుంచి ఎక్కడికి వేసుకోవాలో చూసి చెబుతాను.